పథ్యం విప్పిన పూట

ఆ పొద్దున ఆకాశం మాట ఇచ్చి తప్పే మనిషిలా ఉంది. పడమటి నుంచి మబ్బులు లేస్తాయి, పెనుకొండ కోట బురుజుల మీద కాసేపు నిలబడతాయి, మళ్ళీ తూర్పుకు పోతాయి. మా సీమలో మబ్బులు రైలు ప్రయాణికుల వంటివి. టికెట్ ఎక్కడికి తీసుకుంటాయో గానీ మన స్టేషన్లో దిగవు. అది చైనా యుద్ధానికి ముందటి సంవత్సరం, ఆషాఢమాసం.

నేను పెనుకొండ స్టేషన్ బయట బండి విడిచి, ఎద్దులకు ఉడకబెట్టిన ఉలవలు పెడుతున్నాను. పేరు గంగాధర. మా ఊరు సోమందేపల్లికి మైలున్నర. ఐదో తరగతి దాకా బడికి పోయాను. తర్వాత చేను, బండి, ఎద్దులు. మాటలు నాకు అప్పుడూ తక్కువే. చూడడం మాత్రం అలవాటు.

ధర్మవరం వైపు నుంచి రైలు వచ్చింది. పొగ పలచబడ్డాక ఒక అమ్మాయి, ఆమె భుజం పట్టుకుని ఒక పెద్దాయన బయటికి వచ్చారు. పంచె కింద ఆయన పాదాలు పొంగి ఉన్నాయి. చేతులు మాత్రం కట్టెపుల్లలు. ఒకే మనిషిలో ఆ రెండూ ఎలా ఉంటాయో నాకు అర్థం కాలేదు. అమ్మాయి జడలో ఒక ఎర్ర పట్టుపోగు చిక్కుకుని ఉంది. మగ్గం ఉన్న ఇంటి పిల్ల అని దాంతో తెలిసింది.

"ఏమప్పా, ఆస్పత్రికి వస్తావా?"

తల ఊపాను.

"అయితే బండి కట్టు."

"ఎద్దులు తింటాండాయి."

"మా నాయన నిలబడల్యాక ఉండాడు. నీకు ఎద్దుల మేత ముఖ్యమా?"

"అవి తింటేనే బండి కదిలేది."

ఆమె ఎద్దులను చూసింది. ఈగ వాలితే జారిపడేంత నున్నగా ఉంటాయి మా ఎద్దులు. తర్వాత నన్ను చూసింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. అంత శ్రద్ధగా నన్ను అంతవరకు ఎవరూ చూడలేదు.

"ఎద్దులేమో ఏనుగుల మాదిరి ఉండాయి. నీకేమో పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మీ ఇంట్లో ఎవురి కూడు ఎవురు తింటాండారప్పా?"

పెద్దాయన అంత నీరసంలోనూ నవ్వాడు. "ఊరుకో రుక్మిణీ. ఎద్దులు ఇంటాయి."

తట్టలో మిగిలిన ఉలవలు ఎద్దుల మూతులకు దగ్గరగా జరిపాను.

ఆయన్ను ఎత్తి బండిలో కూర్చోబెట్టాను. శెనక్కాయల మూటలు ఎత్తే చేతులు కాబట్టి బరువులు తెలుసు. ఆయన అర మూట కూడా లేడు.

దారిలో ఆయనే మాట కలిపాడు. పేరు సుబ్బరాయుడు. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. ఆరు నెలలుగా నేయడం లేదు.

"మీది ఏ కులమబ్బా?"

చెప్పాను. వాళ్ళదీ మాదీ ఒకటే.

"అయితే మీ మగ్గం యాడుండాది?"

"లేదు. మా తాత నాడే మగ్గం గుంత పూడ్చి చేను పట్టినాడు."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. "మగ్గం గుంత పూడ్చినోళ్ళా! గుంతలో కాళ్ళు పెట్టి నేసేటోడికి తప్ప నా బిడ్డనియ్యనని ఎంతమందికి చెప్పినానో."

"ఇప్పుడు నిన్ను ఎవురడిగినారు నాయనా?" అంది రుక్మిణి. చెవులు ఎర్రబడ్డాయి. ఎవరివని అడగకండి. నావి నాకు కనపడవు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆయన చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక గుంట అట్లే నిలిచిపోయింది.

"ఏం తింటున్నారు?"

"గంజి తల్లీ. రెండు పూటలా."

"పప్పు?"

"ల్యా."

"పాలు, మజ్జిగ?"

"ల్యా."

"గుడ్డు?"

"రామ రామ!"

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలు" అంది రుక్మిణి. "కార్తీకంలో విషజ్వరం వచ్చె. బత్తలపల్లి వైద్యుడు నరసప్ప పథ్యం పెట్టినాడు. జ్వరం పోయింది. పథ్యం పోల్యా."

డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించింది. గుండె విన్నది. చివరికి ఇలా చెప్పింది:

"ఈ వాపు జ్వరం చేసిన పని కాదు. గంజి చేసిన పని. ఒళ్ళు రోజూ అరుగుతుంది. అరిగినదాన్ని మళ్ళీ కట్టేది ప్రోటీన్. బడిపుస్తకాల్లో మాంసకృత్తులని రాస్తారు. మాంసమే తినాలని లేదు. పప్పుల్లో, పాలలో, ఉలవల్లో, శెనక్కాయల్లో అన్నిట్లో ఉంది. అది అందకపోతే కండ కరిగిపోతుంది. రక్తంలో ఉండాల్సిన నీళ్ళు కాళ్ళలోకి దిగుతాయి. గంజి పొయ్యిలో కట్టె లాంటిది. మంట ఇస్తుంది గానీ గోడ కట్టదు. ముందు పాలు, పెసరకట్టు కొంచెం కొంచెంగా మొదలుపెట్టండి. తర్వాత పప్పు. ఆ తర్వాత మీ ఇష్టం."

సుబ్బరాయుడు రెండు చేతులూ జోడించాడు. "తమరు చదువుకున్నోళ్ళు. తమ మాట కాదనను. అయితే పథ్యం పెట్టిన చెయ్యే విప్పల్ల తల్లీ."

"సరే, ఆయన్నే పిలిపించండి."

"పోయినాడు. నాకు పథ్యం పెట్టిన నెలకే."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. తర్వాత వరండాలోకి వచ్చి రుక్మిణికి మెల్లగా చెప్పింది. ఎద్దులకు నీళ్ళు పెడుతున్న నాకూ వినపడింది.

"ఇలాగే ఉంటే దీపావళి చూడడమ్మా."

రుక్మిణి ఏడవలేదు. పైటకొంగు వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. కండెలకు దారం చుట్టే చేతులు ఖాళీగా ఉండలేవు.

ఆస్పత్రి పక్క సత్రంలో వాళ్ళకు గది దొరికింది. నేను ఇంటికి పోయాను.

మా ఇంట్లో ఉన్నది నేను, మా అవ్వ చౌడక్క. అవ్వ రోజూ పెద్ద కుండలో ఉలవలు ఉడికించేది. నీళ్ళు వంచి చారు కాచేది. ఆ చారుతో మేము రాగిసంగటి తినేవాళ్ళం. గింజలు ఎద్దుల తట్టలోకి పోయేవి. తాతల నాటి నుంచి అంతే. శెనక్కాయలు గానుగాడిస్తే నూనె మాకు, చెక్క ఎనుముకు. అది తప్పని ఎవరికీ తోచలేదు. నాకూ ఆ రోజే తోచింది.

"అవ్వా, గింజలు రోంత నాకూ పెట్టు."

"ఏందిరా, ఎద్దుల నోటికాడిది?"

"సారం యాడుండాదవ్వా? నీళ్ళల్లోనా, గింజల్లోనా?"

అవ్వ గరిటె ఆపింది. "గింజల్లోనే. అందుకే గదా ఎద్దులకు పెట్టేది. అవి దున్నల్ల."

"నేను దున్నల్యా?"

"దున్నుతావు. ఎద్దును దుడ్లిచ్చి కొంటిమి. నువ్వు ఊరికే పుడితివి."

రుక్మిణి అడిగిన ప్రశ్నకు జవాబు అదే. మరుసటి దినం నుంచి గింజలు రెండు వాటాలయ్యాయి. అవ్వ వారం రోజులు సణిగింది. తర్వాత తనూ ఒక పిడికెడు నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువైంది" అంది.

గింజలు రెండు వాటాలైన తొలిరోజే ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు వేసి తిరగమోత పెట్టిన ఉలవల గుగ్గిళ్ళు టిఫిన్ డబ్బాలో పట్టుకుని సత్రానికి పోయాను. రుక్మిణి మూత తీసి వాసన చూసింది.

"ఇవి ఎద్దులవా?"

"ఊఁ."

"అవి ఒప్పుకున్నాయా?"

"అడగల్యా."

నవ్వింది. సత్రం మెట్ల మీద కూర్చుని తినింది. తింటూ తింటూ సగంలో ఆగి గది వైపు చూసింది. లోపల ఆయన గంజి తాగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాయనా" అని కేకేసింది. "పడుగుకు గంజి పెడతావు. పోగు బిగుసుకుంటాది. అట్లని గంజితోనే చీర నేస్తావా?"

"నేయను."

"మరి గంజితోనే మనిషి ఎట్ల నిలుస్తాడు?"

లోపల గంజి తాగే చప్పుడు ఆగింది. "నీ మాట నిజమే కూతురా. పథ్యం పెట్టినాయప్ప ఇప్పల్యా."

ఆమె డబ్బా మూత పెట్టేసింది.

"మా అమ్మ బాలింతగా ఉన్నెప్పుడు" అంది నాకు మాత్రమే వినపడేటట్లు, "ఎవురో చుట్టాలు గడువుకు ముందే పథ్యం విప్పినారంట. తొమ్మిదోనాడు పోయింది. పథ్యం వల్ల పోయిందో, ఇంకేమో, ఎవురికి తెలుసు? నాయన మాత్రం ఆ దినం నుంచి పథ్యమంటే దేవుని మీద ఒట్టనుకున్నాడు."

డబ్బా మూత మళ్ళీ తీసి ఆమె ముందుకు జరిపాను. ఆమె తినింది.

పది రోజులు అలా గడిచాయి. రుక్మిణి వెంట తెచ్చుకున్న ఎర్ర పట్టును సత్రంలోనే కండెలకు చుట్టేది. నేను రోజూ ఏదో ఒక బాడుగ పేరు చెప్పి పెనుకొండకు బండి కట్టేవాణ్ణి. కొన్ని రోజులు బండి ఖాళీగానే పోయేది. ఎద్దులకు మాత్రం సంగతి తెలుసు. సత్రం ముందు వాటంతట అవే ఆగేవి.

వాళ్ళు ధర్మవరానికి తిరిగి పోయే రోజున వాన పడింది. మబ్బులకు ఎందుకో ఆ రోజు మా స్టేషన్లో దిగాలనిపించింది. ఆయన్ను బండి గూడు కింద పడుకోబెట్టాను. రుక్మిణి లోపల కూర్చోలేదు. నా పక్కన, కాడి దగ్గర, గోనెసంచి తల మీద కప్పుకుని కూర్చుంది. వాన చుక్క ఒకటి ఆమె ముక్కు కొసన ఆగి, పడాలా వద్దా అని ఆలోచించింది. నేనూ దానితోపాటు ఆలోచిస్తున్నాను.

"నాయన మళ్ళా మగ్గంలో దిగేదాకా నా పెండ్లి మాట ఎత్తొద్దని అందరికీ చెప్పేసినా" అంది.

"నేను ఎత్తల్యా."

"అదే చెప్తాండా. ఎత్తల్యా."

ఎద్దుల మెడ గంటలు చాలాసేపు మోగాయి.

"నీ జడలో పోగుండాది" అన్నాను చివరికి. "ఎర్రది."

ఆమె తడుముకుంది. "ఎప్పుటి నుంచి?"

"మొదటి దినం నుంచి రోజూ ఒకటి ఉంటాది."

"పది దినాలు చూసి ఈ పొద్దు చెప్తాండావా?"

రైలు వచ్చింది. పొగలో వాళ్ళు కనపడకుండా పోయారు. తిరిగి వచ్చి చూస్తే బండిలో వాళ్ళ ఇత్తడి చెంబు ఉంది.

ఆ చెంబు మూడు వారాలు మా ఇంట్లో గూట్లో ఉంది. శెనక్కాయలు హిందూపురం మిల్లుకు తోలాల్సి వచ్చింది. రెండు నడకలు తోలాను. మూడో నడకకు అవ్వే అంది: "ఒరే, ఆ చెంబు నిన్నే చూస్తాండాది. పోయి ఇచ్చేసి రా."

ఎద్దులను అవ్వకు అప్పజెప్పి ధర్మవరం రైలెక్కాను.

వీధి వీధంతా మగ్గాల చప్పుడు. వాళ్ళ ఇంట్లో మాత్రం లేదు. మగ్గం మీద సగం నేసిన చీర. దుమ్ము పడకుండా పాత పంచె కప్పి ఉంది. సుబ్బరాయుడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పడుగులోంచి అడ్డపోగు తోలే నాడె చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. అది కూడా చేతి నుంచి జారి పడింది. ఆయన తీసుకోలేదు. తీసుకోలేకపోయాడు.

"చెంబు మరిచిపోయింటిరి" అన్నాను రుక్మిణితో.

"మూడు వారాలకు గుర్తొచ్చిందా?"

"పని ఉన్నింది."

"నేను మరిచిపోయిననుకుంటివా?" అని గొణిగింది. "అంత పెద్ద చెంబు ఎవురన్నా మరిచిపోతారా?"

అప్పుడు నా బుర్రకు రెండు సంగతులు ఒకేసారి తగిలాయి. మొదటిది ఆ చెంబు సంగతి. దాన్ని లోపల దాచుకున్నాను. రెండోదాన్ని బయటికి అన్నాను.

"ఆ వైద్యుడిది బత్తలపల్లి గదా?"

"ఊఁ."

"ఆయప్ప పోయినా, ఆయప్ప ఇల్లు ఉంటాది గదా."

లేచాను. గడప దాటాను.

"చెంబు ఇచ్చి పోవా?" అని వెనక నుంచి కేక.

నా చేతిలోనే ఉంది. "తెస్తా" అన్నాను. బస్సు పోతుందేమోనని భయం.

బత్తలపల్లిలో ఇల్లు సులువుగానే దొరికింది. నరసప్ప భార్య అనసూయమ్మ ముంగిట్లో పెసలు చెరుగుతోంది. సంగతంతా చెప్పాను. నా జన్మలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే.

ఆమె చేట పక్కన పెట్టింది. "ఎనిమిది నెలలా! ఆయన ఎవురికీ నలభై దినాలకు మించి పథ్యం పెట్టినోడు కాదు నాయనా."

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"పొయ్యే ముందటి రేయి కలవరించినాడు. 'ఇంకా ఇద్దరికి ఇప్పల్ల, ఇంకా ఇద్దరికి ఇప్పల్ల' అని. ఎవురా ఇద్దరని ఎంత అడిగినా చెప్పల్యాకపోయె. ఒకాయన ఈ ఊరోడే. తనంతట తానే కోడిని కోసుకుని తిని బతికినాడు. రెండో ఆయన ఈయనన్న మాట."

"నీవు వచ్చి ఇప్పుతావా అమ్మా? ఆయప్ప చెయ్యి ల్యాకపాయె."

"ఆయన చెయ్యి ల్యా" అంది అనసూయమ్మ. "ఆయనకు నలభై ఏండ్లు వండిపెట్టిన చెయ్యి ఉండాది. దీనికి ఆ హక్కు ల్యాకుంటే ఇంక ఎవురికుంటాది? ఆ చెంబు ఇట్ల తే."

చెంబు నిండా పెసలు పోసింది.

బస్సులో నా పక్కన కూర్చుని చాలాసేపు నన్నే చూసింది.

"ఆ నేతాయనకు నువ్వేమైతావు నాయనా?"

"ఏమీ కాను."

"ఆయన కూతురికి?"

"ఏమీ కాను."

"ఏమీ కానోడివే చెంబును చంటిబిడ్డ మాదిరి ఒళ్ళో పెట్టుకున్నావే."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. మబ్బులు మళ్ళీ పడమటి నుంచి లేస్తున్నాయి.

అనసూయమ్మను గడపలో చూడగానే సుబ్బరాయుడు గోడ పట్టుకుని లేవబోయాడు. ఆమె చేత్తో వారించింది.

"అన్నా, మా ఆయన పోతా పోతా నిన్నే తలుచుకున్నాడు. ఆయన మరిచిపోల్యా. మాకే తెలియల్యా. ఈ పూట నా చేతుల్తో ఇప్పుతాను. ఒప్పుకుంటావా?"

ఆయన రెండు చేతులూ జోడించాడు. జవాబు కళ్ళ నుంచి కారింది.

అనసూయమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది. రుక్మిణి పెసలు విసిరింది, చెరిగింది. పప్పు మెత్తగా, కట్టులా పలచగా ఉడికించారు. చిటికెడు పసుపు, ఉప్పు, కొంచెం నెయ్యి. అన్నం కూడా జావ కంటే కొంచెం గట్టిగా. డాక్టరమ్మ చెప్పిన కొలతలు రుక్మిణికి గుర్తున్నాయి. రెండు గరిటెలకు మించి వద్దంది. వీధిలో మగ్గాలు మోగుతున్నాయి. పెసలు ఒంపేసిన ఖాళీ చెంబు పట్టుకుని నేను అరుగు మీద కూర్చున్నాను. ఆ ఇంట్లో బయటివాళ్ళు భోంచేసేది అరుగు మీదే. లోపల, మగ్గం పక్కన, ఇంటాయన వరసలో కూర్చునేది సొంతవాళ్ళే. ఆ సంగతి సత్రం మెట్ల మీద రుక్మిణి మాటల్లో విన్నాను.

"ఇను అన్నా" అంది అనసూయమ్మ. "మా ఆయన పెట్టిన కట్టు ఒకటుండాది. పథ్యం ఇప్పే పూట ఇస్తరి ముగిసేదాకా నోట్లో నుంచి మాట రాకూడదు. ఒక్క మాట వచ్చినా పథ్యం మళ్ళా మొదటికొస్తాది."

సుబ్బరాయుడు తల ఊపి, ఆ క్షణమే నోరు గట్టిగా మూసుకున్నాడు.

రుక్మిణి వాళ్ళ నాయన మూసుకున్న నోటి వైపు చూసింది. తర్వాత అరుగు మీదున్న నా వైపు చూసింది. ఏదో లెక్క తేలిన మనిషిలా లోపలికి పోయి ఇంకొక విస్తరి తెచ్చింది. దాన్ని ఆయన విస్తరి పక్కన, అంచుకు అంచు తగిలేటట్లు వేసింది. నీళ్ళు చల్లింది. గడప దగ్గరికి వచ్చింది.

"రా" అంది నాతో. "ఇంట్లోకి."

చెంబు పట్టుకునే లేచాను. పోయి కూర్చున్నాను.

సుబ్బరాయుడు విస్తరిని చూశాడు. నన్ను చూశాడు. నోరు తెరిచాడు.

"ఊఁ!" అంది అనసూయమ్మ వేలు చూపిస్తూ.

ఆయన నోరు మూసుకున్నాడు. ముక్కుపుటాలు అదిరాయి. కూతుర్ని చూశాడు. రుక్మిణి కళ్ళు దించలేదు. దించి ఉంటే ఆయన నా విస్తరిని పక్కకు నెట్టేసేవాడే. దానికి మాట అవసరం లేదు, చెయ్యి చాలు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఆయన చూపు మగ్గం మీదికి పోయింది. కప్పిన పంచె మీద, సగంలో ఆగిన చీర మీద చాలాసేపు ఉంది. అక్కడి నుంచి నా చేతుల మీదికి వచ్చింది. పలుపుతాళ్ళు కోసిన గీతలు, మూటలు మోసిన కాయలు. చివరికి ఆ రెండు చేతుల మధ్య ఉన్న ఇత్తడి చెంబు మీద నిలిచింది. అప్పటికీ దాన్ని నేను వదలలేదు.

ఆయన గరిటె అందుకున్నాడు. గరిటెడు పప్పు పైకి లేచి గాలిలో కాసేపు ఆగి, నా విస్తరిలో పడింది. తర్వాత ఇంకో గరిటె తనకు వేసుకున్నాడు.

రుక్మిణి నా చేతుల్లోంచి చెంబు తీసుకుని, నీళ్ళు నింపి, మా ఇద్దరి మధ్య పెట్టింది.

పెంకుల మీద వాన మొదలైంది. ఆయన మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని మెల్లగా నమిలాడు. మింగాడు. రెండో ముద్ద కలిపాడు. అప్పుడు నేనూ కలిపాను.

ఎవరూ మాట్లాడలేదు. తిన్నాం.